పొగా, మందూ

ఆవిడని వీధి మొత్తం ‘మందు వదిన’ అంటుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆ పేరు విని నవ్వాపుకుంటారు. పొద్దుగూకితే సీసా ముందేసుకుని కూచునే మనిషి కాబోలు అనుకుంటారు. ఆ నవ్వు వాళ్ల వంటింట్లో మొదటి బొద్దింక ఎగిరేదాకానే. ఆ తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి ఆవిడ తలుపు కొడతారు. నీలం కోటు తొడుక్కుని, చేతులకు తొడుగులు లాక్కుని, పిచికారీ డబ్బా భుజాన తగిలించుకుని ఆవిడ గుమ్మంలో నిలబడితే అప్పుడర్థమవుతుంది, మందంటే పురుగుల మందని. ఇక వదిన అన్నది ఆడపడుచు చలవ. పైవాటాలో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆ ఆడపడుచు పొద్దస్తమానం మెట్ల మీద నుంచి “వదినా!” అని కేక పెడుతుంటే, విని విని వీధంతా ఆవిడకి మరుదులూ ఆడపడుచులూ అయి కూచున్నారు.

ఈ పనిలోకి ఆవిడేం ముచ్చటపడి రాలేదు. పెళ్లయిన కొత్తలో ధాన్యం గోడౌన్‌లో ఊడ్చే పనికి కుదిరింది. బస్తాలకు పురుగు పట్టకుండా తలుపులన్నీ బిగించి లోపల పొగ పెట్టే ముసలాయన ఒకడు ఉండేవాడక్కడ. ఆయనకి చెయ్యి వణుకు మొదలయ్యాక మనిషి సాయం కావలసి వచ్చింది. మగవాళ్లెవరూ ముందుకు రాలేదు. ప్రాణం తీపి మరి. ఈవిడ వచ్చింది. “చీపురు పట్టినా దుమ్మే కదా మింగుతున్నా, ఇదీ చూద్దాం” అంది. ముసలాయన పని నేర్పుతూ రెండు మాటలు చెప్పాడు. పురుగు కనబడ్డ చోట కొట్టేవాడు పనివాడు కాదు, పుట్టిన చోటు వెతికి కొట్టాలి అన్నది మొదటిది. దవడన ఇంత పొగాకు పెట్టుకుంటే మందు వాసన గొంతు దిగదు అన్నది రెండోది. గురువు నోటి మాట, ఇక తిరుగేముంది? అప్పట్నుంచి కోటు జేబులో పొగాకు డబ్బీ లేకుండా ఆవిడ ఏ ఇంటి గడపా తొక్కలేదు.

పనిలో ఆవిడకి పెంకితనం జాస్తి. హాలంతా మందు కొట్టి పొమ్మంటే కొట్టదు. టార్చిలైటు పట్టుకుని వంటింటి సింకు కింద దూరి, కారుతున్న గొట్టం మీద వేలు పెట్టి, “ముందిది బాగుచేయించండి. దాహం తీర్చి మరీ పెంచుకుంటున్నారు, ఇంక నేనెందుకు?” అంటుంది. వాసన లేని జెల్ మందు మూలల్లో చుక్కలు చుక్కలుగా పెడితే, “వాసనే రాలేదేంటి, మందేనా ఇది?” అని ఇంటివాళ్లకి అనుమానం. వాసన వచ్చేది కొడితే, “అమ్మో, ఈ వాసనకి మాకేమైనా అయితే?” అని భయం. “వాసన వస్తే చస్తామంటారు, రాకపోతే మోసమంటారు. మీ ముక్కులతో నేను వేగలేను” అని డబ్బా భుజాన వేసుకుని నడుస్తుంది.

అలాగని మందంటే ఆవిడకి లెక్కలేదనుకుంటే పొరపాటు. మందులన్నీ పెరటి కొట్టంలోనే ఉంటాయి, దానికి తాళం. తాళంచెవి ఆవిడ మెడలో. కోటు ఉతికే బకెట్టు వేరు, ఆరేసే తీగ వేరు. పని నుంచి రాగానే ఒళ్లు రుద్ది రుద్ది స్నానం చేశాకే వంటింట్లో అడుగు. మొగుణ్ణి కూడా ఆ కొట్టం ఛాయలకి రానివ్వదు.

ఆ మొగుడు సిటీ బస్సు కండక్టరు. ఏం గొంతు ఆయనది! చివరి సీటులో నిద్రపోతున్నవాడు కూడా తన స్టాపు పేరు విని ఉలిక్కిపడి లేచేవాడు. బస్సు కదలాలంటే డ్రైవరుకి గంట అక్కర్లేదు, ఆయన “రైట్... రైట్!” అంటే చాలు. పొద్దున్నే ఆవిడ డబ్బా తగిలించుకుని గుమ్మం దిగేటప్పుడు కూడా ఆయన లోపలి నుంచి అదే కేక వేసేవాడు. ఆ కేక పడితే గానీ ఆవిడ కాలు ముందుకు పడేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆయనకి సిగరెట్టూ, మందూ, రెండూ దండిగానే ఉండేవి. తల్లి పోయేటప్పుడు ఆ తల్లి చేతిలో చెయ్యి వేసి, రెండూ మానేస్తానని ఒట్టు పెట్టాడు. ఆ ముచ్చట ఆడపడుచు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. “మా అన్నయ్య అంటే అన్నయ్యే. అమ్మకిచ్చిన మాట!” అని కళ్లొత్తుకునేది. మందు వదినా నమ్మింది. పగలంతా దవడన పొగాకు నానే మనిషి ముక్కుకి ఇంకో వాసన ఏం తెలుస్తుంది?

ఒక ఏడు కండక్టరు గొంతు బొంగురుపోయింది. మొదట బస్సుల దుమ్మన్నారు. తర్వాత చల్లనీళ్లన్నారు. తేనె నాకించారు, ఉప్పునీళ్లు పుక్కిలింపించారు. గొంతు రాను రాను రంపం కోత అయిపోయింది. ఆఖరికి ‘రైట్’ అంటే డ్రైవరు వెనక్కి తిరిగి “ఏంటి?” అనే దాకా వచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్లారు, గొంతులో గొట్టం దించి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పే రోజున మందు వదినకి ఒక హోటల్లో చెదల పని. మానేసి వస్తానంది. “పని చెడగొట్టుకోకు, చెల్లి వస్తుందిలే” అన్నాడు కండక్టరు. ఎంత మంచి మొగుడో అనుకుంది పిచ్చి మనిషి.

సాయంత్రం ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి అన్నాచెల్లెళ్లిద్దరూ ముందుగదిలో కూచుని ఉన్నారు. ఆడపడుచు కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“కేన్సరేనంట వదినా. గొంతులో. ముదరలేదంట. రోజూ వెళ్లి కరెంటు, అదే రేడియేషనంట, పెట్టించుకుంటే పోతుందంది డాక్టరమ్మ.” అక్కడ ఆగి, ముక్కు తుడుచుకుని, గొంతు మార్చింది. “కానీ ఒక్క మాట గట్టిగా చెప్పింది. పొగా, మందూ, ఈ రెండూ ఇంట్లోంచి పోవాలంది. వాటి వల్లే వచ్చిందంది. మా అన్నయ్యకా అలవాట్లు లేవు. ఉన్నదల్లా నీ పొగా, నీ మందూ.”

మందు వదిన భర్త వంక చూసింది. ఆయన నేల వంక చూస్తూ దగ్గాడు.

“ఏమండీ, డాక్టరమ్మ నా పని గురించే అందా?”

“చెల్లి విందిగా” అన్నాడాయన, రంపం గొంతుతో.

ఆవిడకి దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎప్పట్లాగే కోపానిదే పైచెయ్యి అయింది. “పొమ్మనలేక పొగబెట్టినట్టుంది! ఇన్నేళ్లుగా మందు పట్టుకున్న చెయ్యి నాది, పొగలో నిలబడ్డ మనిషిని నేను. నన్ను వదిలేసి, కొట్టం గడప తొక్కని మనిషి గొంతు పట్టుకుందా నా మందు? దానికి దారెవరు చూపించారు?”

“నీ బట్టల్లోంచి, నీ జుట్టులోంచి, గాల్లోంచి. ఎలా వస్తే ఏం? కరెంటు పెట్టడం మొదలయ్యేలోగా ఆ కొట్టం ఖాళీ అయిపోవాలి వదినా. లేకపోతే అన్నయ్యని నా వాటాలోకి తీసుకుపోతా. నాకున్నది ఒక్క అన్నయ్య.”



మర్నాటి నుంచి ఆడపడుచు ఇల్లు పట్టుకుంది. కుట్టుమిషను ఆపేసి ఫోను చూస్తూ కూచోవడం, అందులో ఎవరో ఏదో వద్దన్నారని వచ్చి అది బయట పారెయ్యడం. ప్లాస్టిక్ డబ్బాలు పోయాయి. అంటుకోని పెనం పోయింది. నేల తుడిచే మందు, తలకి రాసుకునే రంగు, ఒంటి సబ్బు, దోమలబిళ్లలు, ఆఖరికి పళ్లు తోముకునే పేస్టు కూడా పోయింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, వంటింట్లో పప్పు పోసుకోవడానికి డబ్బా మిగల్లేదు. ఈ హడావిడి మధ్యలో కండక్టరు మాత్రం ఎవర్నీ ఏమీ అనకుండా, పొద్దునా సాయంత్రం ‘మంచి గాలి’ కోసం డాబా ఎక్కి దిగుతున్నాడు. ఆడపడుచు పారేసిన వస్తువులన్నీ వీధి చివర కుప్పగా పడి ఉంటే, జనం ముక్కు మూసుకుని పక్కనుంచి నడిచారు.

మాటకి కాళ్లొచ్చాయి. ఎన్నో ఏళ్ల నుంచి ఆవిడ చేతే మందు కొట్టించుకునే బేకరీ ఆయన కొట్టు గుమ్మంలోనే ఆపేశాడు. “ఏమనుకోకు వదినా. జనం తినే రొట్టె. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా.”

“పొగ పెట్టేదాన్ని నాకే చెప్తున్నావా పొగ సంగతి!” అని వచ్చేసింది గానీ, ఇంటికొచ్చి కొట్టంలో డబ్బాల ముందు చతికిలబడింది. వీధిలో అన్నంత ధీమా లోపల లేదు. నిజమేనేమో. గోడౌన్ ముసలాయన చివర్లో ఆయాసంతో పోయాడు. పాత మందులు కొన్నిటిని అసలు వాడొద్దని ఆపేశారు కూడా, ఊరికే ఆపుతారా? తన జుట్టులోంచి, తన తలగడలోంచి ఆయన గొంతులోకి పాకిందేమో. బాగా ఏడ్చింది. ఏడుపు అయిపోయాక డబ్బీ తీసి దవడన ఇంత పొగాకు పెట్టుకుని, తనలో తాను ఒక నిర్ణయానికి వచ్చింది. నిజంగా నా మందే చేసి ఉంటే నా పిచికారీ పంపు నా చేత్తోనే విరగ్గొడతా. చేయకపోతే మాత్రం ఈ నింద మొయ్యను. మొగుడి కోసం కూడా మొయ్యను.

రెండు రోజులకి పైవాటా కొళాయికి నీళ్లు రావట్లేదంటే, నీళ్ల తొట్టి చూద్దామని ఆవిడే డాబా ఎక్కింది. తొట్టిలో నీళ్లు నిండుగానే ఉన్నాయి. గొట్టానికి నాచు పట్టింది, అంతే. అది గీకి దిగబోతూ ఆగింది. తొట్టి వెనక సిమెంటు మీద సన్నటి బూడిద. మామూలు కళ్లకైతే దుమ్ము. కానీ కనబడని పురుగుని అది విడిచినదాన్ని బట్టి పట్టుకునే కళ్లవి. వంగి గోడ వెంట వేలితో రాసుకుంటూ వెళ్లింది. ఒక ఇటుక కదిలింది. ఇటుక వెనక సిగరెట్టు పెట్టె, అగ్గిపెట్టె, కూల్‌డ్రింకు సీసాలో సగం దాకా కూల్‌డ్రింకు కానిది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి పురుగుల పని రాదు కాబట్టి ఆ మాట పుట్టి ఉంటుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కండక్టరు ‘మంచి గాలి’ కోసం వచ్చాడు. పెళ్లాం చేతిలో పెట్టె చూసి ఆఖరి మెట్టు మీదే నిలబడిపోయాడు.

“ఇదేంటండీ?”

“తొట్టి నిండిందో లేదో చూద్దామని...”

“తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నాట్ట! నేనడిగేది ఇది. ఎన్నాళ్ల నుంచి?”

ఆయన పిట్టగోడ మీద కూలబడ్డాడు. అమ్మ పోయాక కొన్నాళ్లు నిజంగానే మానాడట. ఆ తర్వాత డిపోలో ఒకటి, డ్యూటీ దిగాక ఒకటి, అలా మళ్లీ మొదటికొచ్చాడట. చెల్లెలు ఊరందరికీ ఒట్టు సంగతి చెప్పుకుంటుంటే మానలేదని చెప్పడానికి నోరు రాలేదట. “అయినా ఇప్పుడు మానితే ఏం లాభమే? రావలసింది వచ్చేసిందిగా.”

“మరి డాక్టరమ్మ అన్నది ఏ మందు?”

ఆయన సీసా వంక చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. తన మీద నింద పడిందని ఒక మంట, ఇంత జరిగాక కూడా ఆ గొంతులోకి పొగ పోస్తున్నాడని ఇంకో మంట. వీళ్లందరూ పళ్ల పేస్టు మీద యుద్ధం చేస్తుంటే అసలు శత్రువు తొట్టి వెనక నీడలో హాయిగా కూచుని ఉంది. పెట్టె నలిపి విసిరి కొట్టాలనిపించింది. కానీ విసరలేదు, కొంగున ముడేసుకుంది. విసిరితే ఈయన ఇంకో ఇటుక వెతుక్కుంటాడు.

“మీ చెల్లెలికి నేను చెప్పను. రేపు ముగ్గురం ఆసుపత్రికి పోతున్నాం” అంది.

మర్నాడు డాక్టరమ్మ గదిలో, బల్ల మీద కాగితాలు పక్కకి జరిపి, మందు వదిన తన సంచి బోర్లించింది. కవరులో చుట్టి తెచ్చిన ఖాళీ డబ్బాలు దొర్లాయి. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపింది.

“భయపడకండమ్మా, ఖాళీవే. నేను పురుగుల మందు కొట్టేదాన్ని. ఈయన గొంతు కొరికింది వీటిలో ఏదో చూపించండి. ఇవాళే నా పంపు విరగ్గొట్టేస్తాను.”

“ఇవెందుకు తెచ్చారు?”

“మీరే కదా, పొగా మందూ ఇంట్లోంచి పోవాలన్నారంట. పొగ పెట్టేది నేను, మందు కొట్టేది నేను.”

డాక్టరమ్మ అర్థం కానట్టు ఆవిడని చూసి, ఆడపడుచుని చూసి, చివరికి కండక్టరుని చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి తనంతట తనే చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో పెట్టె ఆకారం తెలుస్తూనే ఉంది. రాత్రికి రాత్రే ఇంకోటి సంపాదించాడు మహానుభావుడు.

“నేనన్న పొగ అదమ్మా” అంది డాక్టరమ్మ, ఆ జేబు చూపించి. “నేనన్న మందు, తాగే మందు.”

ఆడపడుచు గబుక్కున లేచింది. “మా అన్నయ్య ఎప్పుడో మానేశాడండీ! మా అమ్మ చేతిలో...”

“మీరు బయట కూచున్నప్పుడు నేను అడిగానండీ. నా దగ్గర ఏమీ దాచలేదాయన.”

ఆడపడుచు అన్నయ్య ముఖంలోకి చూస్తూ, మెల్లగా మళ్లీ కూచుంది. ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది మందు వదిన. ఏడవలేదు. తప్పిపోయిన మనిషి దారి అడిగినట్టు అడిగింది. “మరి ప్లాస్టిక్ డబ్బాలు? పెనం? వదిన డబ్బాలు? ఇవేవీ కాదా?”

డాక్టరమ్మ విసుక్కోలేదు. “ఇవన్నీ అమృతమని నేననను. ప్లాస్టిక్‌లో వేడివేడిగా పెట్టుకోకపోతే మంచిదే. మీ వదినగారి మందులు ఒట్టి నీళ్లేం కావు, వాటిలో కొన్నిటి మీద అనుమానాలున్నాయి, వాటిని పట్టుకునే ఆవిడ జాగ్రత్తగా ఉండాలి. కానీ విషమా కాదా అన్నదొక్కటే చూస్తే సరిపోదండీ. ఎంత, ఎన్నాళ్లు, ఎటునుంచి లోపలికి పోయింది, అదీ చూడాలి. తాళం వేసిన కొట్టంలో డబ్బా ఆయన గొంతులోకి ఎన్నిసార్లు దిగింది? సిగరెట్టు ఎన్నిసార్లు దిగింది? ఒక పక్క బస్తా ఉంది, ఒక పక్క చిటికెడు. మీరు చిటికెడుతో పోట్లాడుతూ బస్తాని ఇంట్లో ఉంచుకున్నారు.”

“ఏ అలవాటూ లేనివాళ్లకి కూడా వస్తుందంటారు కదండీ?”

“వస్తుంది. కొందరికి ఎందుకొచ్చిందో మాకూ తెలీదు. ఈయన విషయంలో మాత్రం అంత దూరం వెతకక్కర్లేదు. ఈ రెండిటిలో ఏ ఒక్కటైనా చేటే, రెండూ కలిస్తే ఇంకా చేటు. ఇంకో సంగతి. కరెంటు పెట్టేటప్పుడు కూడా సిగరెట్టు తాగుతుంటే, వైద్యం సరిగ్గా పని చెయ్యదు. ‘ఎలాగూ వచ్చేసింది’ అనుకుంటున్నారేమో, ఇప్పుడు మానడమే అన్నిటికన్నా పెద్ద వైద్యం.”

మందు వదిన గుండెల మీంచి బండరాయి దిగిపోయింది. డబ్బాలన్నీ సంచిలో సర్దుకుంటూ, గెలిచిన మనిషి గొంతుతో అంది. “విన్నావుగా అమ్మాయ్. అమ్మా, మీరు చల్లగా ఉండాలి. నేనింత జాగ్రత్తగా ఉంటాను కదా, నాకు తెలుసు నా మందు కాదని. మాస్కు పెడతాను, స్నానం చేస్తాను, వాసన గొంతు దిగకుండా దవడన పొగాకు కూడా...”

డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. “దవడన ఏంటి?”

“పొగాకండీ. మందు లోపలికి పోకుండా. మా గురువు చెప్పాడు.”

“అది ఉమ్మేసి రండి. ఒకసారి నోరు చూస్తాను.”

లైటు వెలుతురులో డాక్టరమ్మ ఆవిడ కుడి దవడ లోపలి భాగం చాలాసేపు చూసింది. తెల్లటి మచ్చ ఒకటి, గోరుతో గీకినా పోనిది, ఉందట అక్కడ. ఎప్పట్నుంచో కారం తగిలితే ఆ చోట మంటగా ఉంటుంది. మందు ప్రభావమనుకునేది ఆవిడ, ఇంకాస్త పొగాకు పెట్టేది.

“దీన్నించి కూడా ముక్క తియ్యాలి” అంది డాక్టరమ్మ. “ఇది కేన్సరని చెప్పట్లేదు. ఊరుకుంటే కావచ్చు. మీరు భయపడాల్సిన మందుకి మాస్కు పెట్టుకున్నారు, అది బాగుంది. భయపడాల్సిన ఇంకోదాన్ని మాత్రం మీరే నోట్లో పెట్టుకుని మోశారు.”

ఇన్నేళ్లుగా ఏ పురుగుకీ వెన్ను చూపని మనిషి బల్ల అంచు పట్టుకుని కూచుంది. గురువు చెప్పిన రెండు మాటల్లో ఒకటి అన్నం పెట్టింది, ఇంకోటి నోట్లో కుంపటి పెట్టింది. రెండిటినీ ఒకే నమ్మకంతో నమ్మింది తను. ఆడపడుచు ప్లాస్టిక్ డబ్బాలు విసిరేస్తుంటే నవ్వుకుంది కదా, తనేం తక్కువ తిన్నదని?

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆడపడుచు వెనక సీటులో విడిగా కూచుంది. కండక్టరు పెళ్లాం పక్కన కూచుని, కాసేపటికి, ఓ రకమైన చనువుతో గొణిగాడు. “చూశావా, ఇద్దరం ఒకటే. ఇంక నన్ననడానికి లేదు.”

ఆవిడ ఆయన వైపు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో లేవు.

“ఒకటెలా అవుతామండీ? నాకు తెలియక. మీకు తెలిసి. నా పని పోతుంటే, నా పేరు పోతుంటే, మీ చెల్లెలు నన్ను నానా మాటలూ అంటుంటే, తెలిసీ నేల చూపులు చూశారే, అది ఆ జబ్బుకన్నా పెద్దది. దాన్ని నేనంత తొందరగా మర్చిపోను.” కొంగుతో కళ్లు తుడుచుకుంది. “మానడంలో మాత్రం ఇద్దరం ఒకటే. ఇవాళ్టి నుంచే. నేను మానితే మీరూ మానాలి. మీరు మానకపోయినా నేను మానతాను, అప్పుడు మీ ముఖం ఎక్కడ పెట్టుకుంటారో చూస్తా.”

ఇంటికి రాగానే ఆవిడ నీలం కోటు తొడుక్కుంది. తొడుగులు వేసుకుంది, టార్చిలైటు తీసింది. ఆడపడుచుని పిలిచి, “రా, నువ్వు చెయ్యాలనుకున్న పని ఇప్పుడు చేద్దాం” అంది. వంటింటి నుంచి డాబా దాకా, పురుగులున్న ఇల్లు గాలించినట్టు గాలించింది. ఇటుక వెనక సీసా ఇంకా అక్కడే ఉంది. సిగరెట్టు పెట్టెలు టికెట్ల సంచి అస్తరులో ఒకటి, పాత బూట్లలో ఒకటి, చెల్లెలి గదిలో చిరిగిన గుడ్డల మూటలో ఒకటి. అది చూసి ఆడపడుచు “నా గదిలోనా అన్నయ్యా!” అని అప్పుడేడ్చింది, ఒట్టు పోయినందుకూ, అన్నయ్య పోకూడదనీ కలిపి. అన్నీ తెచ్చి పెరట్లో పుర్రె బొమ్మ వేసి ఉన్న చెత్తడబ్బాలో, ఖాళీ విషం సీసాలు వేసే దాంట్లో, పోసింది. ఆఖర్న కోటు జేబులోంచి తన డబ్బీ తీసింది. చేతిలో కాసేపు ఉంచుకుంది. మూత అరిగి మెరుస్తోంది, లోపలిది కమ్మగా వాసన వేస్తోంది. దాన్నీ అందులోనే పడేసి మూత బిగించింది.

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మంచిగా మాట్లాడలేదు. కండక్టరు గోడలకి తల కొట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయంటే ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. మందు వదిన గిన్నెలు ఎత్తెత్తి పడేసింది, చీపురుపుల్లలు నమిలింది, నవ్వితే పోయేదానికి కూడా కయ్యమాడింది. ఆడపడుచు పైనుంచి దిగి ఇద్దరి మధ్యా కాపలా కూచునేది. కరెంటు పెట్టడం మొదలైంది. మెడ నల్లబడింది, గుటక మింగడం కష్టమైంది, కానీ జేబు ఖాళీగానే ఉంది. మందు వదిన నోటి ముక్క ఫలితం కూడా వచ్చింది. మచ్చ మచ్చే, ఇంకా అవతలి గట్టుకి దాటలేదు. మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోమన్నారు.

ఒక ఉదయం బేకరీ ఆయన మెట్లెక్కి వచ్చాడు. ముఖం వేలాడిపోయి ఉంది. ఈవిడని మాన్పించి ఇంకెవర్నో పెట్టుకుంటే, ఆ మనిషి కొట్టంతా మందు వరద పారించి పోయాడట. వాసనకి రెండు రోజులు కొట్టు మూసుకోవలసి వచ్చింది. బొద్దింకలు మాత్రం ఓవెన్ వెనక పిల్లాపాపలతో సుఖంగా ఉన్నాయట.

గుమ్మంలో నిలబడి నసిగాడు. “వదినా, మరి... మీ ఇంట్లో మందు మానేశారని విన్నాను. డాక్టర్లే మానమన్నారంట. నిజమేనా?”

మందు వదిన భర్త వంక చూసింది. ఆడపడుచు మెట్ల మీద ఆగిపోయింది. కండక్టరు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. ఆ వారమంతా ఆయన పలకమీద రాసి చూపించడమే తప్ప మాట్లాడలేదు, గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నారు. అయినా గుమ్మం దాకా నడిచి వచ్చాడు. వీధంతా వినిపించే ఒకప్పటి గొంతు కాదది. బేకరీ ఆయన చెవి ముందుకు వంచాల్సి వచ్చింది.

“పొగ నాది. మందూ నాదే. తాగే మందు. ఆవిడది కాదు. ఇన్నాళ్లూ... నేనే చెప్పలేదు. వీధిలో అందరికీ చెప్పు.”

అంత మాట్లాడేసరికి ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికో సిగ్గుకో. బేకరీ ఆయన ఏమనాలో తెలియక తల గోక్కున్నాడు.

“విన్నావుగా” అంది మందు వదిన. “పొగా మానేశాం, మందూ మానేశాం. ఆయన ఆ రెండూ, నేను నా పొగాకూ. ఇంక నీ ఓవెన్ వెనక మందు ఇప్పుడు కొట్టనా, రేపు కొట్టనా?”

“ఇప్పుడే వదినా, నీకు పుణ్యముంటుంది.”

ఆవిడ కోటు తొడుక్కుంది. మాస్కు రెండు తాళ్లూ గట్టిగా బిగించింది. నాలుక అలవాటుగా కుడి దవడలోకి పోయి వెతుక్కుంది. అక్కడేమీ లేదు. పళ్లు గట్టిగా బిగబట్టి, డబ్బా భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో ఆవిడకే తెలీదు, జబ్బు వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఆ కేక లేదు కదా.

వెనక నుంచి, గాలి కన్నా కొంచెం గట్టిగా, వినిపించింది.

“రైట్... రైట్.”

ఆవిడ మెట్లు దిగింది.